యూరోపియన్ యూనియన్ అభివృద్ధి సాయం, ప్రకటన నుంచి ఖజానా దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

వర్ధమాన దేశాల ఆర్థిక శాఖల్లో పనిచేసేవారు, స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూసేవారు, ఈ వ్యవహారాలపై వార్తలు రాసేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబులు యూరోపియన్ యూనియన్ (ఈయూ) 2021–27 బడ్జెట్ కాలపు నిబంధనల ప్రకారం ఇచ్చినవి.

"ఫలానా దేశానికి ఈయూ 20 కోట్ల యూరోల సాయం" అని వార్త వచ్చింది. డబ్బు వచ్చినట్టేనా?

ఆ అంకె ఏ పత్రంలోదో చూసేదాకా రాలేదనే అనుకోండి. ఒకే మొత్తం ఐదు దశలు దాటుతుంది, చాలాసార్లు ఐదు దశల్లోనూ కొత్త వార్తగానే బయటికొస్తుంది.

మొదటి దశ బహువార్షిక సూచిక కార్యక్రమం. ఆ దేశంలో ఏయే రంగాలకు ప్రాధాన్యం, రంగానికి సుమారుగా ఎంత అన్నది ఇందులో ఉంటుంది. దీని ఆధారంగా ఎవరూ ఎవరినీ డబ్బు అడగలేరు. రెండోది వార్షిక కార్యాచరణ ప్రణాళిక. సభ్యదేశాల ప్రతినిధుల కమిటీ అభిప్రాయం తీసుకున్నాక ఈయూ కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషన్ దీన్ని ఆమోదిస్తుంది, ఈయూ బడ్జెట్‌లో ఆ మేరకు డబ్బు పక్కన పెడుతుంది. మూడోది ఫైనాన్సింగ్ ఒప్పందం, అంటే కమిషన్, భాగస్వామ్య దేశ ప్రభుత్వం రెండూ సంతకం చేసేది. నాలుగో దశలో పని చేసే సంస్థలతో కాంట్రాక్టులు కుదురుతాయి. చెల్లింపు మొదలయ్యేది ఆ తర్వాతే.

గడువులు ఉన్నది మూడు, నాలుగు దశలకు. బడ్జెట్‌లో డబ్బు పక్కన పెట్టిన మరుసటి ఏడాది డిసెంబరు 31లోగా ఫైనాన్సింగ్ ఒప్పందంపై సంతకాలు పూర్తి కావాలి. సంతకమైన రోజు నుంచి మూడేళ్లలో కాంట్రాక్టులు కుదరాలి. దాటితే ఆ డబ్బు ఈయూ బడ్జెట్‌కు వెనక్కి పోతుంది. ఆడిట్, మూల్యాంకనం లాంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు ఉంది.

ఇక్కడే చాలా దేశాలు దెబ్బతింటాయి. కార్యాచరణ ప్రణాళికలు ఎక్కువగా ఏడాది చివర్లో ఆమోదం పొందుతాయి. 2024 జనవరిలో ఆమోదమైతే సంతకానికి దాదాపు రెండేళ్లు చేతిలో ఉండేవి. అదే డిసెంబరులో అయితే 2025 డిసెంబరు 31 దాకా ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలోనే న్యాయ శాఖ పరిశీలన, మంత్రివర్గ ఆమోదం, కొన్ని దేశాల్లో పార్లమెంటు ఆమోదం కూడా పూర్తి కావాలి. మధ్యలో ఎన్నికలొస్తే ఫైలు ఉన్నచోటే ఉండిపోతుంది. ముసాయిదా ఒప్పందాన్ని ప్రణాళిక ఆమోదానికి ముందే న్యాయ శాఖకు పంపించే దేశాలకు ఈ తిప్పలు తక్కువ.

అసలు ఈ డబ్బు ఎక్కడిది?

2020 దాకా ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలకు ప్రధాన వనరు యూరోపియన్ డెవలప్‌మెంట్ ఫండ్. 1957 నాటి రోమ్ ఒప్పందంతో పుట్టిన ఆ నిధి ఈయూ బడ్జెట్‌కు బయట ఉండేది. సభ్యదేశాలు నేరుగా చందా వేసుకునేవి. ఇతర ప్రాంతాలకు వేరే పద్దులుండేవి. 2021లో వాటిలో ఎక్కువ భాగాన్ని కలిపి 'గ్లోబల్ యూరప్' అనే ఒకే సాధనంగా మార్చారు. 2021–27కి మొత్తం 7,950 కోట్ల యూరోలు. అందులో సుమారు 6,040 కోట్లు దేశాలకూ ప్రాంతాలకూ సంబంధించిన కార్యక్రమాలవి. సబ్-సహారా ఆఫ్రికాకు కనీసం 2,918 కోట్లు దక్కాలని చట్టంలోనే రాశారు.

చట్టంలో ఇంకొన్ని షరతులున్నాయి. ఖర్చులో కనీసం 93 శాతం అధికారిక అభివృద్ధి సాయం నిర్వచనంలోకి రావాలి. విద్య, ఆరోగ్యం లాంటి మానవాభివృద్ధికి కనీసం 20 శాతం లక్ష్యం, వాతావరణ లక్ష్యాలకు 30 శాతం. ఒక రోడ్డు ప్రాజెక్టు ప్రతిపాదనలో వాతావరణం గురించి అన్ని పేజీలు ఎందుకున్నాయని ఆశ్చర్యపోయేవారికి జవాబు ఈ 30 శాతంలోనే ఉంది.

మాట్లాడాల్సింది ఎవరితో? బ్రస్సెల్స్‌తోనా, స్థానిక కార్యాలయంతోనా?

రోజువారీ పనికి మీ రాజధానిలోని ఈయూ డెలిగేషన్, అంటే ఈయూ తరఫు రాయబార కార్యాలయం లాంటిది. అందులో 'కోఆపరేషన్' విభాగం కార్యక్రమాలను చూస్తుంది, 'ఫైనాన్స్, కాంట్రాక్ట్స్' విభాగం డబ్బునూ కాంట్రాక్టులనూ చూస్తుంది. మొదటివారు సరేనన్నంత మాత్రాన రెండోవారు సరేనన్నట్టు కాదు. కాంట్రాక్టు సవరణ గురించి ప్రోగ్రామ్ ఆఫీసర్ నోటిమాటగా ఒప్పుకుంటే దాన్ని లేఖలో అడిగి లిఖితపూర్వకంగా తెచ్చుకోండి. ఆఖర్న ఆడిటర్ అడిగేది కాగితమే. ఈయూ ప్రధాన కార్యాలయాలున్న బ్రస్సెల్స్‌లో అంతర్జాతీయ భాగస్వామ్యాల డైరెక్టరేట్ జనరల్ (ఇంట్‌పా) విధానాన్ని చూస్తుంది. రాజకీయ వ్యవహారాలు విదేశాంగ సేవా విభాగానివి. ఫ్రాన్స్, జర్మనీ లాంటి సభ్యదేశాలకు సొంత సాయం వేరుగా ఉంటుంది. 2020 నుంచి అందరిదీ కలిపి 'టీమ్ యూరప్' పేరుతో ప్రకటిస్తున్నారు కాబట్టి, ఒక ప్రకటనలోని అంకెలో ఎవరి వాటా ఎంతో విడదీసి చూడాలి.

బడ్జెట్ సపోర్ట్ అంటే ఏమిటి? ప్రాజెక్టు కంటే అది తేలికా?

ప్రాజెక్టుకైతే డబ్బు ఒక పనికి, ఒక సంస్థ ఖాతాకు వెళ్తుంది. బడ్జెట్ సపోర్ట్‌లో నేరుగా ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. యూరోలు కేంద్ర బ్యాంకుకు చేరతాయి, దానికి సమానమైన స్థానిక కరెన్సీ ఖజానా ఖాతాలో జమవుతుంది. ఆ క్షణం నుంచి అది ప్రభుత్వ సొమ్మే. ఏ రూపాయి ఎక్కడ ఖర్చయిందని ఈయూ వెతకదు, ఒప్పుకున్న సంస్కరణ జరిగిందా లేదా అన్నదే చూస్తుంది.

అర్హతకు నాలుగు ప్రమాణాలు: నమ్మదగిన జాతీయ లేదా రంగ విధానం, స్థూల ఆర్థిక స్థిరత్వం, ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ మెరుగుదల, బడ్జెట్ పారదర్శకత. మొదట్లో ఒకసారి చూసి వదిలేయరు, ప్రతి విడతకు ముందు నాలుగింటినీ మళ్లీ చూస్తారు. ఆరోగ్య శాఖ తన లక్ష్యాలన్నీ సాధించినా, అదే ఏడాది అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) కార్యక్రమం పట్టాలు తప్పితే విడత ఆగిపోవచ్చు. ఆరోగ్య మంత్రికి ఇది అన్యాయంగా కనిపిస్తుంది. నిబంధన మాత్రం అంతే.

విడతలు రెండు రకాలు. ఫిక్స్‌డ్ విడతకు ఈ నాలుగు ప్రమాణాలు నెరవేరితే చాలు, మొత్తం వస్తుంది లేదా ఏమీ రాదు. వేరియబుల్ విడతకు వీటితోపాటు సూచికలుంటాయి, అంటే పని ఎంత జరిగిందో కొలవడానికి ముందే ఒప్పుకున్న కొలమానాలు. ఉదాహరణకు ఒక ఏడాది వేరియబుల్ విడత 80 లక్షల యూరోలు, నాలుగు సూచికలు, ఒక్కోదానికి 20 లక్షలు అనుకుందాం. రెండు పూర్తిగా నెరవేరాయి, ఒకటి సగం, ఒకటి అసలు లేదు. ఒప్పందంలో సగం మార్కుకు వీలుంటే వచ్చేది 50 లక్షలు. వీలు లేకుంటే 40 లక్షలే. ఈ ఒక్క వాక్యం ఒప్పందంలో ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి.

సూచికలు నెరవేరినా విడత తగ్గిందంటారు. అదెలా?

చాలాసార్లు పని జరిగే ఉంటుంది, ఆధారమే సరిపోదు. 'గ్రామీణ ప్రాంతాల్లో నైపుణ్య సిబ్బంది చేతిలో జరిగిన కాన్పుల శాతం 60కి చేరాలి' అన్న సూచికనే తీసుకోండి. శాతం దేనిలో? మొత్తం కాన్పుల అంచనాలోనా, ఆస్పత్రుల రిజిస్టర్లలో నమోదైన కాన్పుల్లోనా? మొదటి లెక్కలో 52 వచ్చేది రెండో లెక్కలో 70 రావచ్చు. 'గ్రామీణ' అన్నది జనాభా లెక్కల విభజన ప్రకారమా, ఆరోగ్య శాఖ విభజన ప్రకారమా? ఇవేవీ రాయకుండా సంతకం చేస్తే, మూడేళ్ల తర్వాత డెలిగేషన్ తనకు అనువైన అర్థమే తీసుకుంటుంది. అలా తీసుకుందని తప్పుపట్టడానికీ లేదు.

రెండో సమస్య తేదీలది. విడుదల అభ్యర్థన జూన్‌లో పంపాలని ఒప్పందంలో ఉంటుంది, గణాంక శాఖ వార్షిక నివేదిక అక్టోబరులో వస్తుంది. తాత్కాలిక లెక్కలతో జూన్‌లోనే పంపితే అంకెలు మారతాయి, ఆగితే విడత వచ్చే బడ్జెట్ ఏడాదిలోకి జారుతుంది. ఆ సొమ్మును ఈ ఏడాది రాబడిలో చూపించిన ఆర్థిక శాఖ ఆ లోటును దేశీయ అప్పుతో పూడ్చుకోవాల్సి వస్తుంది.

అందుకే ఒక్కో సూచికకు ఒక పేజీ పత్రం తయారుచేసుకోవాలి. అందులో నిర్వచనం, లవం, హారం, ప్రారంభ విలువ, దాని సంవత్సరం, డేటా ఎవరిస్తారు, ఏ నెలలో ప్రచురిస్తారు, ఎవరు సరిచూస్తారు అన్నవి ఉండాలి. ప్రారంభ విలువ 'తర్వాత నిర్ణయిస్తాం' అని రాసిన సూచికను ఒప్పుకోకపోవడమే మంచిది.

ప్రాజెక్టు డబ్బును ఐరాస సంస్థలకూ, సభ్యదేశాల ఏజెన్సీలకూ ఎందుకిస్తారు? మా మంత్రిత్వ శాఖకే ఇవ్వొచ్చుగా?

ఇవ్వొచ్చు, అర్హత నిరూపించుకుంటే. ఈయూ తన బడ్జెట్‌ను వేరొకరి చేతికి అప్పగించాలంటే ఆ సంస్థ 'పిల్లర్ అసెస్‌మెంట్' దాటాలి. అంతర్గత నియంత్రణ, అకౌంటింగ్, బయటి ఆడిట్, కొనుగోళ్లు, గ్రాంట్ల పంపిణీ, ఆర్థిక సాధనాలు, మోసకారులను పక్కనపెట్టే పద్ధతి, సమాచార ప్రచురణ, వ్యక్తిగత డేటా రక్షణ అనే తొమ్మిది అంశాల్లో అప్పగించే పనికి సంబంధించినవాటిని తనిఖీ చేస్తారు. ప్రపంచ బ్యాంకు, ఐరాస సంస్థలు, జర్మనీ అభివృద్ధి సంస్థ జీఐజెడ్, ఫ్రాన్స్ అభివృద్ధి సంస్థ ఏఎఫ్‌డీ ఇప్పటికే ఇది దాటినవి. కాబట్టి డెలిగేషన్‌కు వాటితో కాంట్రాక్టు త్వరగా అయిపోతుంది. ఖర్చు దగ్గర మాత్రం ఇది చౌక కాదు. మధ్యవర్తి పరిపాలన ఖర్చు, విదేశీ నిపుణుల జీతాలు మీ దేశానికి ప్రకటించిన మొత్తంలోంచే పోతాయి.

స్వచ్ఛంద సంస్థ గ్రాంటుకు దరఖాస్తు చేయాలంటే?

దరఖాస్తులు కోరుతూ ఈయూ ఇచ్చే ప్రతి పిలుపుకూ మార్గదర్శకాలుంటాయి, కాబట్టి మొదట చదవాల్సింది వాటినే. అర్హత గల దేశం, కాలవ్యవధి, గ్రాంటు కనిష్ఠ–గరిష్ఠ మొత్తాలు, ఈయూ వాటా శాతం, ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా ఆలోచన ఎంత గొప్పదైనా దరఖాస్తు పక్కకు పోతుంది. ఈయూ వాటా గరిష్ఠంగా 90 శాతం అని ఉంటే మిగతా 10 శాతం మీరు తెచ్చుకోవాలి. సంస్థ భవనాన్నో వలంటీర్ల శ్రమనో ఆ 10 శాతంగా చూపించడం మార్గదర్శకాలు అనుమతిస్తేనే చెల్లుతుంది.

సాధారణంగా రెండు దశలు. మొదట కాన్సెప్ట్ నోట్ (ప్రాజెక్టు ఆలోచన సారాంశం), దానికి 50 మార్కులు, కనీసం 30 రావాలి. 30 దాటినవారందరూ ముందుకు పోరు, మార్కుల వరుసలో అందుబాటులో ఉన్న బడ్జెట్‌కు తగినంత మందినే రెండో దశకు పిలుస్తారు. పూర్తి దరఖాస్తుకు 100 మార్కులు. అందులో ఆర్థిక, నిర్వహణ సామర్థ్యానికి 20 ఉంటాయి, వాటిలో 12 రాకపోతే మిగతా మార్కులతో పనిలేదు. ఎన్నడూ రెండు లక్షల యూరోలు చూడని సంస్థ పది లక్షలకు దరఖాస్తు చేస్తే ఎక్కువగా తేలిపోయేది ఇక్కడే. అలాంటివారు పెద్ద సంస్థకు సహ దరఖాస్తుదారుగా చేరడం మేలు. పని చేతికొస్తుంది, అనుభవమూ కాగితం మీదకెక్కుతుంది.

లాగ్‌ఫ్రేమ్‌లో, అంటే ప్రాజెక్టు పనులనూ ఫలితాలనూ సూచికలనూ చూపే పట్టికలో, తరచూ కనిపించే పొరపాటు, చేసే పనిని ఫలితంగా చూపించడం. '40 శిక్షణ తరగతులు నిర్వహించాం' అన్నది పని. 'శిక్షణ పొందిన 800 మంది రైతుల్లో 500 మంది విత్తనశుద్ధి చేసి నాటారు' అన్నది ఫలితం. రెండోదాన్ని కొలవాలంటే పంట కాలం ముగిశాక సర్వే కావాలి, దానికి బడ్జెట్‌లో పద్దు కావాలి. ఆ పద్దు పెట్టుకోనివారు ఆఖరి నివేదికలో ఊహించి రాస్తారు, తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేది ఆ అంకెనే.

బడ్జెట్ వేసేటప్పుడు, డబ్బు తీసుకునేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన హద్దులేవి?

పరోక్ష ఖర్చులు, అంటే ప్రధాన కార్యాలయ అద్దె, అకౌంటెంట్ సమయంలాంటివి, అర్హత ఉన్న ప్రత్యక్ష ఖర్చుల్లో 7 శాతం మించకూడదు. ఆకస్మిక నిధి 5 శాతం మించకూడదు, దాన్ని తాకాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. ప్రధాన పద్దుల మధ్య మార్పు 25 శాతం లోపైతే సవరణ ఒప్పందం అక్కర్లేదు, తెలియజేస్తే చాలు. అంతకు మించితే సవరణ తప్పదు.

చెల్లింపులు ముందస్తుగానే వస్తాయి. మొదటి విడత వచ్చాక రెండోది కావాలంటే, ఆ మొదటి విడతలో కనీసం 70 శాతం ఖర్చయి ఉండాలి. పని నెమ్మదిగా సాగే సంస్థకు ఈ 70 శాతం దగ్గరే ఊపిరాడదు: సిబ్బంది జీతాలకు డబ్బు చాలదు, మరో విడత అడగడానికి ఖర్చూ చాలదు. మొత్తం ముందస్తు విడతలు 90 శాతం దాటవు కాబట్టి, చివరి భాగాన్ని సంస్థ తన జేబులోంచి పెట్టుకుని ఆఖరి నివేదిక ఆమోదమయ్యాకే రాబట్టుకోవాలి. ఆ కొన్ని నెలలు గడవడానికి డబ్బు ఎక్కడుందో దరఖాస్తు రాసేటప్పుడే ఆలోచించుకోవాలి.

ఆడిట్‌లో ఖర్చులు ఎందుకు కొట్టేస్తారు?

మోసం కేసులు తక్కువ. ఎక్కువగా పోయేవి కాగితం సరిగ్గా లేని నిజమైన ఖర్చులు.

కొనుగోళ్లు మొదటి కారణం. మూడు కొటేషన్లు ఉంటాయి, మూడూ ఒకే ఫాంటులో, ఒకే స్పెల్లింగ్ తప్పుతో, ఒకే రోజు తేదీతో. లేదా ఒకే కొనుగోలును పరిమితి లోపు ఉంచడానికి నాలుగు ముక్కలు చేసి, నాలుగు బిల్లులూ ఒకే వారంలో తెస్తారు. ఆడిటర్‌కు ఇది కనిపెట్టడం చిటికెలో పని.

జీతాలు రెండోది. ఒక ఉద్యోగి 60 శాతం సమయం ఈ ప్రాజెక్టుకు, 50 శాతం ఇంకో దాత ప్రాజెక్టుకు అని రెండు టైమ్‌షీట్లు బయటపడితే ఆ జీతమే కాదు, మిగతావారి టైమ్‌షీట్లూ అనుమానంలో పడతాయి.

మారకపు రేటు మూడోది. మీరు ఖర్చు చేసేది స్థానిక కరెన్సీలో, నివేదిక ఇచ్చేది యూరోల్లో. కాంట్రాక్టులో చెప్పిన రేటునే వాడాలి, సౌకర్యంగా ఉన్న రోజు బ్యాంకు రేటు పనికిరాదు. కరెన్సీ మారకంలో వచ్చే నష్టం అర్హత గల ఖర్చు కాదు. అప్పులు, వడ్డీలు, ఇంకో ఈయూ గ్రాంటు కింద ఇప్పటికే చూపిన ఖర్చులూ అంతే. పన్నుల సంగతి ఒప్పందాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి మినహాయింపు పత్రం కోసం పన్ను శాఖకు మొదటి నెలలోనే అర్జీ పెట్టండి.

ఓచర్లను చెల్లింపు పూర్తయిందని పారేయకండి. తుది చెల్లింపు తర్వాత ఐదేళ్లు, 60,000 యూరోలు మించని గ్రాంటులకు మూడేళ్లు దాచాలి. థర్మల్ కాగితంపై ముద్రించిన రసీదులు ఏడాదిలోనే వెలిసిపోతాయి. వచ్చిన రోజే ఫోటోకాపీ తీసి అసలుతో కలిపి కుట్టడం ఒక్కటే దారి.

'గ్లోబల్ గేట్‌వే' కింద ప్రకటించిన 30,000 కోట్ల యూరోలు గ్రాంటులేనా?

కాదు. గ్లోబల్ గేట్‌వే అన్నది ఇతర దేశాల్లో మౌలిక వసతులపై ఈయూ పెట్టుబడి పథకం. 2021 డిసెంబరులో ప్రకటించిన ఈ మొత్తం 2027 నాటికి 'సమీకరించాలనుకున్న' పెట్టుబడి. ఇందులో ఈయూ గ్రాంటులతోపాటు యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు రుణాలు, సభ్యదేశాల వాటాలు, హామీల వల్ల ప్రైవేటు రంగం పెట్టే సొమ్ము కలిసి ఉంటాయి. ఒక సౌర విద్యుత్ ప్రాజెక్టుకు ఈయూ గ్రాంటు సాంకేతిక అధ్యయనానికో వడ్డీ తగ్గింపుకో పోతుంది, మిగతాది తిరిగి చెల్లించాల్సిన అప్పే. కాబట్టి మీ దేశ రుణ కార్యాలయం మొదట అడగాల్సింది ఇందులో గ్రాంటు ఎంత, అప్పుకు ప్రభుత్వ హామీ ఉందా, ఏ కరెన్సీలో తీర్చాలి అన్నవే.

వాణిజ్య రాయితీ కూడా సహకారంలో భాగమేనా?

నిధుల కంటే దాని విలువే ఎక్కువగా ఉండే దేశాలున్నాయి. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాలకు 2001 నుంచి 'ఎవ్రీథింగ్ బట్ ఆర్మ్స్' పథకం అమల్లో ఉంది. ఆయుధాలు తప్ప అన్నింటికీ సుంకం లేదు, కోటా లేదు. 2011లో మూల నిబంధనలు (సరుకు ఏ దేశంలో తయారైనట్టు లెక్కించాలో చెప్పేవి) సడలించాక, దిగుమతి చేసుకున్న బట్టతో కుట్టిన దుస్తులకూ ఈ రాయితీ వర్తించింది. బట్ట మిల్లులు పెద్దగా లేని కంబోడియా లాంటి దేశాలకు అదే పెద్ద ఊతం.

రాయితీకి షరతులున్నాయి. మానవ హక్కుల, కార్మిక హక్కుల ఉల్లంఘనలు తీవ్రంగా, పద్ధతి ప్రకారం జరుగుతున్నాయని తేలితే వెనక్కి తీసుకుంటారు. కంబోడియాకు 2020 ఆగస్టు 12 నుంచి కొంతభాగం తీసేశారు, ఈయూకు ఆ దేశ ఎగుమతుల్లో సుమారు ఐదో వంతుపై ఆ ప్రభావం పడింది. శ్రీలంకకు ఇంకో పథకమైన 'జీఎస్పీ ప్లస్' కింద ఉన్న రాయితీ 2010లో పోయి 2017లో తిరిగొచ్చింది.

రాజకీయ కారణాలతో సాయం ఆపేస్తే అన్నీ ఆగిపోతాయా?

సాధారణంగా ఆగేది ప్రభుత్వ ఖజానాకు వెళ్లే డబ్బు. బురుండిలో 2015 సంక్షోభం తర్వాత, 2016 మార్చిలో ఈయూ ప్రభుత్వానికి నేరుగా ఇచ్చే ఆర్థిక సాయాన్ని నిలిపేసింది. ప్రజలకు చేరే సాయాన్ని ఐరాస సంస్థలు, స్వచ్ఛంద సంస్థల ద్వారా కొనసాగించింది. ఆంక్షలు ఎత్తేసింది 2022 ఫిబ్రవరిలో. నైజర్‌లో 2023 జులై తిరుగుబాటు జరిగిన రోజుల వ్యవధిలోనే బడ్జెట్ సపోర్ట్ ఆగింది. ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాల విషయంలో ఇందుకు ఆధారం 2000 నాటి కోటోను ఒప్పందంలోని 96వ అధికరణం. ఇప్పుడు దాని స్థానంలో సమోవా ఒప్పందం వచ్చింది. 2023 నవంబరు 15న సమోవా రాజధాని అపియాలో సంతకాలయ్యాయి, 2024 జనవరి 1 నుంచి తాత్కాలికంగా అమలవుతోంది.

అప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులో పనిచేసే సంస్థ మాత్రం వెంటనే డెలిగేషన్‌కు లేఖ రాసి, ఏ పనులు కొనసాగించాలి, ఏవి ఆపాలి, ఆపిన కాలంలో జీతాల ఖర్చు ఒప్పుకుంటారా అని అడగాలి. జవాబు లేకుండా కొనసాగించిన నెలల ఖర్చు తర్వాత వివాదమవుతుంది.

తుపాను, భూకంపం వస్తే ఈ నిధులే వాడతారా?

వేరే ద్వారం. మానవతా సాయాన్ని 'ఎకో' అనే విభాగం చూస్తుంది. అది ప్రభుత్వాల ఖాతాకు డబ్బు వేయదు. ఐరాస సంస్థలు, రెడ్‌క్రాస్, ముందే అర్హత పొందిన స్వచ్ఛంద సంస్థల ద్వారానే ఇస్తుంది. విపత్తు వచ్చాక ఆ అర్హతకు దరఖాస్తు చేస్తే అప్పటికి లాభం ఉండదు.

మా దేశానికి నిజంగా ఎంత వచ్చిందో ఎక్కడ చూడాలి? తప్పు జరిగిందనిపిస్తే?

'టీమ్ యూరప్ ఎక్స్‌ప్లోరర్' (ఇదివరకటి 'ఈయూ ఎయిడ్ ఎక్స్‌ప్లోరర్') వెబ్‌సైట్‌లో దేశాన్ని ఎంచుకుంటే కేటాయింపులు, చెల్లింపులు విడివిడిగా కనిపిస్తాయి. రెండింటినీ కలపకండి, రెండింటి మధ్య ఉన్న తేడాయే మీకు కావాల్సిన సమాచారం. ఏ సంస్థకు ఎంత గ్రాంటు దక్కిందో కమిషన్ వారి 'ఫైనాన్షియల్ ట్రాన్స్‌పరెన్సీ సిస్టమ్'లో చూడొచ్చు.

ఎంపికలో అన్యాయం జరిగిందనుకుంటే ముందు కాంట్రాక్టు ఇచ్చే అధికారికి, పిలుపు సంఖ్య రాసి, మార్గదర్శకాల్లోని ఏ నిబంధన ఉల్లంఘన జరిగిందో చూపిస్తూ రాయాలి. మోసం, లంచం అనుమానమైతే ఓలాఫ్ అనే దర్యాప్తు కార్యాలయానికి పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయొచ్చు. కాంట్రాక్టు సంఖ్య, తేదీలు, మొత్తాలు, మీ దగ్గరున్న కాగితాల నకళ్లు జతచేయండి. 'అందరూ తింటున్నారు' అని రాసిన ఉత్తరంతో ఏ దర్యాప్తూ మొదలవదు.